మిషన్ ఎందుకు ఊగుతోంది? వైబ్రేషన్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

రైస్ మిల్లులు, పంపు హౌసులు, చిన్నాపెద్దా ఫ్యాక్టరీలు తిరుగుతూ వైబ్రేషన్ చూసే పని నాది. ఫోన్లో అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఎవరు ఫోన్ చేసినా నేను ముందు తిరిగి అడిగేది ఒకటే: "ఎంత ఊగుతోందో తర్వాత చూద్దాం, సెకనుకు ఎన్నిసార్లు ఊగుతోంది?" ఆ లెక్క తెలియకుండా పోసిన కాంక్రీటు, కొన్న రబ్బరు ప్యాడ్లు, మార్చిన బేరింగులు ఇప్పటికి చాలా చూశాను.

కొత్త మిషన్ కూడా కొద్దిగా అదురుతోంది. అది లోపమేనా?

కాదు. తిరిగే ఏ వస్తువూ నూటికి నూరు శాతం సమతూకంలో ఉండదు. పోతలో ఒక పక్క ఇనుము ఒక పిసరు ఎక్కువ పడుతుంది, షాఫ్టు సెంటరు వెంట్రుకవాసి పక్కకు ఉంటుంది. అదురు ఉందా లేదా అని కాదు, ఎంత ఉంది, పెరుగుతోందా, ఏ వేగంలో వస్తోంది అన్నవి చూడాలి. చెయ్యి పెడితే అసలేమీ తెలియని మోటారు దొరికితే, అది తిరుగుతోందో లేదో ఒకసారి చూసుకోండి.

నేచురల్ ఫ్రీక్వెన్సీ, రెజొనెన్స్ అంటారు. మామూలు మాటల్లో చెప్పండి.

బకెట్‌తో నీళ్లు మోసిన ఎవరికైనా ఇది తెలుసు, పేరే తెలియదు. 30 సెంటీమీటర్ల వెడల్పున్న బకెట్‌లో నీళ్లను ఒకసారి కదిలించి వదిలితే అవి సెకనుకు సుమారు 1.7 సార్లు అటూ ఇటూ ఊగుతాయి. ఎవరు కదిలించినా, ఎంత గట్టిగా కదిలించినా లెక్క దాదాపు అంతే. ఆ బకెట్‌కు, ఆ నీళ్లకు అదే సొంత లయ. దాన్నే నేచురల్ ఫ్రీక్వెన్సీ అంటాం. మనిషి మామూలుగా నడిస్తే సెకనుకు 2 అడుగులకు అటూఇటూగా వేస్తాడు. రెండు లయలూ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి నాలుగు అడుగులు వేసేసరికి నీళ్లు కాళ్ల మీద పడతాయి. చిన్న తోపుడే, కానీ ప్రతిసారీ సరైన సమయానికి పడుతోంది. రెజొనెన్స్ అంటే ఇంతే.

మరి నీళ్లు మోసేవాళ్లు ఏం చేస్తారు? నడక మారుస్తారు. లేదా బిందె మూతి దాకా నింపుతారు. బిందె మూతి సన్నం కాబట్టి పైన ఊగే చోటు తగ్గిపోతుంది, నిండుకుండ తొణకకపోవడం వెనక ఉన్న లెక్క ఇదే. అదీ కుదరకపోతే నీళ్ల మీద ఒక వేప రెమ్మ వేస్తారు, ఊపులోని బలాన్ని ఆకులు తినేస్తాయి. వైబ్రేషన్ తగ్గించడానికి ఇంజనీర్ల దగ్గర ఉన్న దారులు కూడా ముఖ్యంగా ఇవే: తోసేదాన్ని మార్చడం, సొంత లయను మార్చడం, డ్యాంపింగ్ (ఊపును తినేసే గుణం) పెంచడం. నాలుగోది, ఊగేదాన్ని పక్కవాటి నుంచి విడదీయడం. దాని గురించి రబ్బరు ప్యాడ్ల దగ్గర చెప్తాను.

మిషన్ల విషయంలో సొంత లయను నిర్ణయించేవి బిగువు (వంగకుండా నిలిచే గట్టిదనం), బరువు. బిగువు పెరిగితే లయ పెరుగుతుంది, బరువు పెరిగితే తగ్గుతుంది. అయితే వర్గమూలం లెక్కలో: లయ రెట్టింపు కావాలంటే బిగువు నాలుగు రెట్లు కావాలి.

ఫ్యాన్‌ను మూడుసార్లు బ్యాలెన్స్ చేయించాం. వారం బాగుంటుంది, మళ్లీ మొదలు. ఎందుకు?

ఈ ప్రశ్న నాకు అచ్చం ఇదే మాటల్లో గోదావరి జిల్లాల్లోని ఒక బాయిల్డ్ రైస్ మిల్లు నుంచి వచ్చింది. ఊకతో మండే బాయిలర్, దాని పొగను బయటికి లాగే ఐడీ ఫ్యాన్. బెల్టు మీద 1180 ఆర్‌పీఎంతో తిరుగుతుంది, అంటే సెకనుకు 19.7 సార్లు. నేను వెళ్లేసరికి అక్కడి మేస్త్రి బేరింగులు కూడా మార్చేశాడు. "ఇంపెల్లరే సార్, దానికి బూడిద పడుతుంది" అన్నాడు. ఇంపెల్లరంటే ఫ్యాన్ రెక్కల చక్రం. అబద్ధం కాదు, బూడిద పడుతోంది.

కానీ రీడింగులు వేరే కథ చెప్పాయి. బేరింగు మీద ఊగే వేగం నిలువుగా చూస్తే సెకనుకు 2.4 మి.మీ. అడ్డంగా చూస్తే 11. ఒకే బేరింగు, ఒకే ఇంపెల్లరు, ఒక దిక్కులో నాలుగున్నర రెట్లు ఎక్కువ. ఉత్త అన్‌బ్యాలెన్స్ అయితే రెండు దిక్కుల్లోనూ అంత తేడా రాకూడదు. ఫ్యాన్ ఆపించి, బేరింగు పెడెస్టల్ (స్టాండు) మీద సెన్సర్ అడ్డంగా అంటించి, చెక్క సుత్తితో పక్క నుంచి ఒక్క దెబ్బ కొట్టించాను. గంట కొట్టినట్టే స్టాండు దాని సొంత లయలో మోగి ఆగింది. గ్రాఫులో శిఖరం ఎక్కడుందో చూస్తే 20.5 హెర్ట్జ్, అంటే సెకనుకు 20.5 సార్లు. ఫ్యాన్ వేగం 19.7. బకెట్, నడక!

సుత్తి దెబ్బ తర్వాత ఊపు సగానికి పడటానికి నాలుగు ఊపులు పట్టింది. 0.11ను ఆ నాలుగుతో భాగిస్తే డ్యాంపింగ్ నిష్పత్తి సుమారు 0.028 వస్తుంది. అంత తక్కువ డ్యాంపింగ్‌తో, సొంత లయకు అంత దగ్గరగా తిరిగితే ప్రతి చిన్న తోపుడూ పది రెట్లకు పైగా పెరిగి కనిపిస్తుంది. బ్యాలెన్స్ చేసిన రోజు తోపుడు చాలా చిన్నది, పది రెట్లయినా ఫర్వాలేదు. వారంలో చారెడు బూడిద ఎక్కువ తక్కువగా అంటుకుంటే చాలు, అదీ పది రెట్లే. ఇంపెల్లరు తప్పు చేస్తోంది, స్టాండు దానికి మైకు పెట్టి వినిపిస్తోంది.

మేము చేసిందల్లా స్టాండు రెండు పక్కలా యాంగ్లర్ ముక్కలు ఐమూలగా వెల్డింగ్ చేయించడం. మళ్లీ సుత్తితో కొడితే లయ 31 హెర్ట్జ్ దగ్గరికి పోయింది. ఫ్యాన్ వేస్తే అడ్డం రీడింగ్ 2 కంటే కిందికి వచ్చింది. ఆ రోజు బ్యాలెన్సింగ్ అసలు చేయలేదు. మేస్త్రి అరచెయ్యి స్టాండు మీద ఆనించి కాసేపు అలాగే ఉన్నాడు, తర్వాత "మరి మూడుసార్లు డబ్బులు దేనికి తీసుకున్నారు సార్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఒక చిన్న బరువు తేడా నిజంగా అంత బలం చూపిస్తుందా?

పది రూపాయల నాణెం ఒకటి తీసుకోండి, దాదాపు 7.7 గ్రాములు. దాన్ని ఇంపెల్లరు మీద సెంటరు నుంచి అర మీటరు దూరంలో అంటించి 1480 ఆర్‌పీఎంతో తిప్పితే, అది తొమ్మిదిన్నర కిలోల బరువుతో సమానంగా బేరింగును లాగుతుంది. ఆ లాగుడు సెకనుకు దాదాపు 25 సార్లు దిక్కు మారుస్తుంది. వేగం రెట్టింపు చేస్తే లాగుడు నాలుగు రెట్లు, అంటే 38 కిలోలు. వేగం వర్గంలో పెరుగుతుంది కాబట్టే, తక్కువ స్పీడులో బాగున్న మిషన్ స్పీడు పెంచగానే అల్లరి మొదలుపెడుతుంది.

మరి ఎంత మిగిలినా సరే? ఫ్యాన్లకు సాధారణంగా ఐఎస్ఓ ప్రమాణాల్లోని జీ 6.3 గ్రేడు తీసుకుంటారు. 100 కిలోల ఇంపెల్లరు, 1480 ఆర్‌పీఎం, అర మీటరు వ్యాసార్ధం: మొత్తం మీద సుమారు 8 గ్రాములు ఉండొచ్చు. అంటే అదే పది రూపాయల నాణెం.

రీడింగ్ ఎంత వస్తే భయపడాలి?

15 నుంచి 300 కిలోవాట్ల మధ్య మోటారుతో నడిచే మిషన్, గట్టి ఫౌండేషన్ మీద ఉంటే, ఐఎస్ఓ 10816 మూడో భాగం గీసిన గీతలు ఇవి, అన్నీ సెకనుకు మి.మీ.లలో, ఆర్‌ఎంఎస్ (ఊపు మొత్తానికి ఒక రకం సగటు) లెక్కలో: 1.4 లోపల కొత్త మిషన్ లాంటిది. 2.8 వరకు నిశ్చింతగా నడపొచ్చు. 2.8 దాటితే రిపేరుకు రోజు చూసుకోవాలి. 4.5 దాటితే ఆపడమే మంచిది. ఫౌండేషన్ మెత్తగా, అంటే స్టీలు స్ట్రక్చర్ మీదో స్ప్రింగుల మీదో ఉంటే గీతలు 2.3, 4.5, 7.1కి జరుగుతాయి. ఇప్పుడు ఈ ప్రమాణం 20816 నంబరుతో నడుస్తోంది. నా బ్యాగులో మాత్రం పాత చార్టే ఉంది, రోజువారీ పనికి అది చాలు.

4.5 అంటే ఎంత ఊపో ఊహకు అందడం లేదా? 1480 ఆర్‌పీఎం దగ్గర బేరింగు ఈ చివర నుంచి ఆ చివరకు 80 మైక్రాన్లు కదులుతోందన్నమాట. తల వెంట్రుక మందం.

ఒక జాగ్రత్త. కొన్ని మీటర్లు పీక్ (ఊపు శిఖరం) చూపిస్తాయి, కొన్ని ఆర్‌ఎంఎస్. ఊపు ఒకే ఫ్రీక్వెన్సీలో ఉంటే ఆర్‌ఎంఎస్ 7.1 అంటే పీక్ 10. రెండు మీటర్ల రీడింగులు పోల్చి "రెండు రోజుల్లో ఇంత పెరిగిందా!" అని టెన్షన్ పడి ఫోన్ చేసినవాళ్లున్నారు.

మి.మీ. లెక్కా, మైక్రాన్లా, జీలా? ఏది చూడాలి?

నెమ్మదిగా తిరిగేవాటికి మైక్రాన్లు, మామూలు మోటార్లు, ఫ్యాన్లు, పంపులకు సెకనుకు మి.మీ., బేరింగు, గేరు పళ్ల చప్పుళ్లకు జీలు (భూమి ఆకర్షణతో పోల్చి చెప్పే త్వరణం). 600 ఆర్‌పీఎం నుంచి పైన మామూలు మిషన్లన్నిటికీ సెకనుకు మి.మీ. లెక్కే వాడండి.

కారణం ఏమిటో రీడింగ్ చూసి ఎలా చెప్తారు?

అంకె చూసి చెప్పలేం, స్పెక్ట్రం చూసి చెప్తాం. కలిసిపోయిన ఊపులను ఫ్రీక్వెన్సీల వారీగా విడదీసి చూపే గ్రాఫు అది. ఒక్కో జబ్బుకు ఒక్కో లయ ఉంటుంది.

షాఫ్టు తిరిగే వేగం దగ్గరే ఒక్క పెద్ద గీత ఉంటే అన్‌బ్యాలెన్స్ కావొచ్చు (వంగిన షాఫ్టు, రెజొనెన్స్ కూడా అక్కడే కనిపిస్తాయి, తొందరపడకూడదు). దానికి రెట్టింపు దగ్గర గీత, పైగా షాఫ్టు పొడవు దిక్కులో ఊపు ఉంటే కప్లింగ్ (రెండు షాఫ్టులు కలిసే చోటు) అలైన్‌మెంట్ చూడండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు రెట్లు వరుసగా గీతలు పడి, మధ్యలో ఒకటిన్నర, రెండున్నర రెట్ల దగ్గర కూడా కనిపిస్తే ఏదో వదులైంది: బోల్టు, బేరింగు హౌసింగు, పగిలిన గ్రౌటింగు.

మోటారుదైతే 100 హెర్ట్జ్ దగ్గర చూడాలి, మన కరెంటు 50 కాబట్టి. ఇక్కడ మీటరు లేకుండానే చేసే పరీక్ష ఒకటుంది. మోటారు నడుస్తుండగా స్విచ్ ఆపండి. అదురు ఆ క్షణంలోనే టక్కున పోతే కరెంటు వైపు తప్పు. వేగంతో పాటు మెల్లగా తగ్గితే మెకానికల్.

బేరింగు గీతలు మాత్రం వేగానికి పూర్తి రెట్లలో రావు, వాటిని గుర్తుపట్టేది అలాగే. లోపల ఎన్ని గుండ్లున్నాయో ఆ సంఖ్యను వేగంతో గుణించి, అందులో 0.4 వంతు తీసుకుంటే బయటి రింగు దెబ్బతిన్న లయ, 0.6 వంతు తీసుకుంటే లోపలి రింగుది, సుమారుగా. 8 గుండ్ల బేరింగు, 1480 ఆర్‌పీఎం అయితే 79, 118 హెర్ట్జ్. ఆ గీత మొదటిసారి కనిపించిన రోజే బేరింగు మార్చాల్సిన పని లేదు. కొత్త బేరింగు ఆర్డర్ పెట్టి, వారానికొకసారి చూస్తూ ఉండండి.

స్క్రూడ్రైవర్ మొన బేరింగు మీద, పిడి చెవి దగ్గర పెట్టి వినే పాత మేస్త్రీలను నేను ఎప్పుడూ తక్కువ చేయను. వాళ్ల చెవిలో ఉన్నదీ స్పెక్ట్రమే. ప్రింటు తీసి ఇవ్వలేరు, అంతే.

ఫోన్ యాప్‌తో కొలవొచ్చా?

కొంతవరకు. ఫోన్లో యాక్సిలరోమీటర్ ఉంటుంది. జర్మనీలోని ఆకెన్ యూనివర్సిటీ వాళ్లు ఉచితంగా ఇచ్చే ఫైఫాక్స్ లాంటి యాప్‌తో స్పెక్ట్రం కూడా చూడొచ్చు. చాలా ఫోన్లు సెకనుకు 100 నుంచి 500 రీడింగులు తీసుకుంటాయి, అందులో సగం ఫ్రీక్వెన్సీ వరకే నమ్మాలి. అంటే ఫ్యాన్ వేగం, స్టాండు సొంత లయ తెలుస్తాయి. బేరింగు జబ్బులు తెలియవు. ఇంకో మెలిక: సగానికి పైన ఉన్న ఊపులు కనిపించకుండా పోవు, కొన్నిసార్లు వేషం మార్చుకుని తక్కువ ఫ్రీక్వెన్సీలో కనిపిస్తాయి.

ఫోన్‌ను చేత్తో పట్టుకుంటే మీ చేతిని కొలుస్తారు. గట్టిగా అంటించాలి. అలాగని బాగా అదిరే చోట ఎక్కువసేపు ఉంచొద్దు. శక్తిమంతమైన మోటార్‌సైకిల్ ఇంజన్ల అదురు తమ ఫోన్ కెమెరాలను దెబ్బతీయొచ్చని ఆపిల్ కంపెనీయే 2021లో హెచ్చరించింది.

మిషన్ బిగించకముందే ఊగుతుందో లేదో చెప్పగలరా?

చాలావరకు. బరువు, బిగువు తెలిస్తే సొంత లయను కాగితం మీదే లెక్కకట్టొచ్చు. పెద్ద స్ట్రక్చర్లయితే కంప్యూటర్లో చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిలో చేస్తారు. తర్వాత తోసే ఫ్రీక్వెన్సీలన్నీ రాసుకోవాలి: షాఫ్టు వేగం, దానికి రెట్టింపు, బ్లేడ్ల సంఖ్యతో గుణించిన వేగం, గేరు పళ్ల సంఖ్యతో గుణించిన వేగం. సొంత లయల గీతలు, తోపుళ్ల గీతలు ఒకే గ్రాఫులో గీసి ఎక్కడ కలుస్తున్నాయో చూడాలి. దీన్ని క్యాంప్‌బెల్ డయాగ్రం అంటారు. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో టర్బైన్ చక్రాలు ఎందుకు పగులుతున్నాయో చూస్తూ విల్‌ఫ్రెడ్ క్యాంప్‌బెల్ 1920ల్లో దీన్ని వాడాడు. నడిచే వేగానికి 20 శాతం అటూ ఇటూ ఏ సొంత లయా లేకుండా చూసుకుంటే సాధారణంగా గట్టెక్కుతారు.

డ్రాయింగ్ చెప్పలేనిది డ్యాంపింగ్. వెల్డింగ్ చేసిన స్టాండుకు, అదే స్టాండును బోల్టులతో బిగిస్తే వచ్చేదానికి చాలా తేడా ఉంటుంది, ఎందుకంటే అతుకుల దగ్గర రాపిడే ఊపును తినేది. రెజొనెన్స్ ఎన్ని రెట్లు పెంచుతుందన్నది పూర్తిగా దీని మీదే ఆధారపడుతుంది: నిష్పత్తి 0.05 అయితే 10 రెట్లు, 0.01 అయితే 50 రెట్లు. అందుకే లెక్క ఎంత బాగా కట్టినా చివరికి సుత్తి తీయాల్సిందే. ఇంకొకటి, కంప్యూటర్లో ఫౌండేషన్ కదలదని అనుకుంటాం. నల్లరేగడిలో వేసిన ఫౌండేషన్ అలా అనుకోదు.

కింద రబ్బరు ప్యాడ్లు వేస్తే సరిపోతుందా?

ప్యాడ్ల వల్ల పెరిగిన వైబ్రేషన్లు నేను చూశాను. లెక్క ఇలా ఉంటుంది. మిషన్ బరువు పడ్డాక ప్యాడ్ ఎంత నొక్కుకుందో మి.మీ.లలో కొలవండి. 15.8ని ఆ అంకె వర్గమూలంతో భాగిస్తే ప్యాడ్ల మీద మిషన్ సొంత లయ వస్తుంది. 1 మి.మీ. నొక్కుకుంటే 15.8 హెర్ట్జ్. 10 మి.మీ. అయితే 5.

తోసే ఫ్రీక్వెన్సీ ఈ లయకు 1.41 రెట్లు దాటితేనే ప్యాడ్ పనిచేయడం మొదలవుతుంది. మూడు రెట్లుంటే ఎనిమిదో వంతే నేలకు చేరుతుంది. 1.41 లోపల ఉంటే ప్యాడ్ తగ్గించదు, పెంచుతుంది. పైన చెప్పిన 19.7 హెర్ట్జ్ ఫ్యాన్ కింద 1 మి.మీ. నొక్కుకునే ప్యాడ్ వేస్తే నేలకు పోయే బలం దాదాపు 1.8 రెట్లవుతుంది. దానికి కావాల్సింది 6 మి.మీ. దాకా నొక్కుకునేది, అంటే సన్నటి రబ్బరు షీటు కాదు, స్ప్రింగు. పైగా రబ్బరు నిలకడగా ఉన్నప్పటి కంటే ఊగేటప్పుడు ఇంకా గట్టిగా ప్రవర్తిస్తుంది.

ప్యాడ్ నేలను, పక్క గదిని కాపాడుతుంది. మిషన్‌ను కాదు. స్ప్రింగుల మీద మిషన్ ఇంకా ఎక్కువే ఊగొచ్చు, కాబట్టి పైపులకు ఫ్లెక్సిబుల్ కనెక్షన్లు మర్చిపోవద్దు.

కాంక్రీటు దిమ్మ పెద్దది చేస్తే?

కొన్నిసార్లు పనికొస్తుంది. కానీ బరువు పెరిగితే సొంత లయ తగ్గుతుందని చెప్పాను కదా. మీ దిమ్మ లయ ఇప్పుడు మిషన్ వేగానికి కొంచెం పైన ఉంటే, కాంక్రీటు పోసి దాన్ని సరిగ్గా వేగం మీదకు దింపుతారు. ముందు సుత్తి, తర్వాత సిమెంటు.

స్టార్ట్ చేసేటప్పుడు, ఆపేటప్పుడు ఒక్క క్షణం గట్టిగా ఊగి సర్దుకుంటుంది. ప్రమాదమా?

ఆ క్షణంలో మిషన్ తన క్రిటికల్ స్పీడును, అంటే సొంత లయతో కలిసే వేగాన్ని, దాటుతోంది. త్వరగా దాటిపోతే ఇబ్బంది లేదు. 1869లో రాంకిన్ అనే ఇంజనీరు ఆ వేగం దాటి షాఫ్టు తిరగలేదని లెక్కకట్టి చెప్పాడు. మంచి ఇంజనీరే, కానీ ఈ లెక్క తప్పింది. 1880ల్లో స్వీడన్‌లో డి లావాల్ కావాలనే సన్నటి షాఫ్టు పెట్టి తన ఆవిరి టర్బైన్‌ను ఆ వేగానికి ఎంతో పైన నడిపి చూపించాడు. దాటిన తర్వాత రోటరు తన బరువు కేంద్రం చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది, అందుకే ఊపు తగ్గుతుంది. ఎందుకలా జరుగుతుందో 1919లో జెఫ్‌కాట్ స్పష్టంగా రాశాడు.

ఆపేటప్పుడు ఆ ఊపు రోజురోజుకూ ఎక్కువసేపు ఉంటోందంటే చూపించుకోండి.

వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్) పెట్టాక కొత్తగా ఊగడం మొదలైంది.

ఇంతకుముందు ఒక్క వేగం, ఇప్పుడు అన్ని వేగాలూ. ఎక్కడో ఒకచోట సొంత లయ తగులుతుంది. మెల్లగా వేగం పెంచుతూ ఎక్కడ ఎక్కువ ఊగుతోందో రాసుకుని, డ్రైవ్ సెట్టింగుల్లో స్కిప్ ఫ్రీక్వెన్సీ అని ఉంటుంది, అక్కడ ఆ పరిధి ఇవ్వండి. డ్రైవ్ ఆ వేగంలో నిలవకుండా దాటేస్తుంది. ఖర్చు లేని పరిష్కారం, అయినా దీన్ని వాడేవాళ్లు తక్కువ.

ఒక బరువు వేలాడదీసి ఊపు తగ్గిస్తారట, నిజమేనా?

నిజమే. ఊరి బయట హైటెన్షన్ వైర్లు చూడండి. టవర్ దగ్గర, వైరుకు కింద చిన్న డంబెల్ లాంటిది వేలాడుతుంటుంది. పక్షులు వాలకుండా పెట్టారని చిన్నప్పుడు మా వీధిలో అనుకునేవాళ్లం. అది స్టాక్‌బ్రిడ్జ్ డ్యాంపర్, 1920ల్లో అమెరికాలో జార్జ్ స్టాక్‌బ్రిడ్జ్ కనిపెట్టాడు. పెద్దగాలికి కాదు, మెల్లటి గాలికే వైరుకు అసలు గండం. 30 మి.మీ. వైరు మీద సెకనుకు 3 మీటర్ల గాలి వీస్తే, వైరు వెనక సుడులు ఒకసారి పైన ఒకసారి కింద సెకనుకు 20 సార్లు విడుతాయి. వైరు కంటికి కనిపించనంత సన్నగా మోగుతూ, క్లాంపు దగ్గర పోగు పోగుగా తెగుతుంది. ఆ డంబెల్ తాను ఊగి, తన తీగ పోగుల రాపిడిలో ఆ బలాన్ని వేడిగా మార్చేస్తుంది.

ఇదే ఆలోచన పెద్దదైతే తైపీ 101 భవనం. పైఅంతస్తుల్లో 660 టన్నుల ఉక్కు గోళం వేలాడుతుంది, భవనం ఒకవైపు ఊగితే అది ఎదురు ఊగుతుంది. లండన్ మిలీనియం వంతెన కథ ఇంకోరకం. 2000 జూన్ 10న తెరిచారు, రెండు రోజులకే మూసేశారు. జనం నడుస్తుంటే వంతెన పక్కలకు ఊగింది. ఊగే వంతెన మీద పడిపోకుండా జనం తెలియకుండానే దాని లయకే అడుగులు వేశారు, అది ఇంకా ఊగింది. 37 విస్కస్ డ్యాంపర్లు (ద్రవంతో ఊపును తినేవి), 52 ట్యూన్డ్ మాస్ డ్యాంపర్లు (లయకు సరిపెట్టిన బరువులు) పెట్టి 2002లో మళ్లీ తెరిచారు.

ఫ్యాక్టరీలో కూడా పైపుకో స్టాండుకో ఇలా బరువు కట్టి ఊపు ఆపొచ్చు. అయితే అది ఒక్క ఫ్రీక్వెన్సీకే. వేగం మారే మిషన్‌కు పెడితే పాత శిఖరం పోయి, దానికి అటొకటి ఇటొకటి రెండు కొత్త శిఖరాలు వస్తాయి.

అమెరికాలోని టకోమా వంతెన రెజొనెన్స్ వల్ల కూలిందని చదువుకున్నాం.

చాలామంది అలాగే చదువుకున్నారు. 1940 నవంబర్ 7న, తెరిచిన నాలుగు నెలలకు, గంటకు సుమారు 64 కిలోమీటర్ల గాలికి అది మెలికలు తిరిగి కూలింది. గాలి వంతెన లయకు తాళం వేయలేదు. వంతెన మెలితిరిగే కొద్దీ ఆ కదలికే గాలి నుంచి ఇంకా బలం లాక్కుంది. దీన్ని ఫ్లట్టర్ అంటారు. రెజొనెన్స్‌లో బయటి తోపుడు లయ మారిస్తే బయటపడతాం, ఇక్కడ మార్చడానికి బయట లయే లేదు.

కొంచెం ఊగితే ఏమవుతుంది, నడుస్తోందిగా?

రష్యాలో సయానో షుషెన్‌స్కాయా జలవిద్యుత్ కేంద్రంలో రెండో యూనిట్ నడుస్తూనే ఉంది. వైబ్రేషన్ హద్దు దాటినా ఆపలేదు. 2009 ఆగస్టు 17న టర్బైన్ మూతను పట్టి ఉంచిన బోల్టులు తెగిపోయాయి, నీళ్లు మొత్తం యూనిట్‌ను పైకి విసిరేశాయి. 75 మంది చనిపోయారు. బోల్టుల్లో అంతకుముందే అలసట పగుళ్లు ఉన్నట్టు తేలింది. ఇనుము ఒక్క పెద్ద దెబ్బకు తట్టుకుంటుంది, లక్షల చిన్న దెబ్బలకు తట్టుకోదు.

గ్రైండింగ్ మిషన్, బ్రేకర్ పట్టుకునేవాళ్లకు చేతులు తిమ్మిరెక్కుతున్నాయి.

తేలిగ్గా తీసుకోవద్దు. రోజూ గంటల తరబడి పట్టుకుంటే వేళ్ల రక్తనాళాలు, నరాలు దెబ్బతిని, చలికి వేళ్లు తెల్లబడతాయి. ఐరోపాలో 2002 నాటి నిబంధన ప్రకారం ఎనిమిది గంటల సగటు 2.5 మీ./సె² దాటితే చర్య తీసుకోవాలి, 5 దాటకూడదు. మనిషిని మార్చి మార్చి పని చేయించండి, అరిగిన డిస్కులు మార్చండి. తిమ్మిరి తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి.

వాషింగ్ మెషీన్ స్పిన్‌లో గది అంతా నడుస్తోంది.

కొత్త ఫ్రంట్ లోడ్ అయితే వెనక ట్రాన్సిట్ బోల్టులు (రవాణాలో డ్రమ్ము కదలకుండా బిగించేవి) తీశారో లేదో చూడండి, సగం ఫోన్లు అక్కడే ఆగిపోతాయి. తర్వాత నాలుగు కాళ్లూ నేలకు ఆనాయా, మూలలు నొక్కి చూడండి. మిషన్లలో సాఫ్ట్ ఫుట్ అనేదీ ఇదే, మోటారు ఒక కాలి కింద షిమ్ (ఎత్తు సరిచేసే పలుచటి రేకు) తగ్గినప్పుడు. ఒక్క దుప్పటి మాత్రమే వేసి తిప్పొద్దు, అది ఒక పక్క ముద్దగా చేరుతుంది.

బ్యాలెన్సింగ్ చేసే మనిషిని పిలిచేముందు ఏం సిద్ధం చేసుకోవాలి?

ముందు ఇంపెల్లరు శుభ్రం చేసి, బోల్టులు బిగించి పెట్టండి, సగం కేసులకు మనిషి అవసరమే ఉండదు. వచ్చాక బేరింగు దగ్గర నిలువు, అడ్డం, పొడవు మూడు దిక్కుల రీడింగులూ అడగండి. ఒక్క అంకె చెప్పి బరువు వెల్డింగ్ చేసేవాడైతే సుత్తి పరీక్ష చేశారా అని అడగండి. పని అయ్యాక ఎంత బరువు, ఏ కోణంలో వేశారో రాయించుకోండి. రీడింగులు నెలకోసారి, అదే చోట, అదే లోడు మీద తీసి ఒక పుస్తకంలో పెట్టండి. పెడెస్టల్ మీద సెన్సర్ పెట్టే చోటును పెయింటుతో గుర్తు పెట్టుకుంటే చాలు.

ఆ గోదావరి మిల్లు మేస్త్రి గోడ మీద సుద్దతో రాస్తున్నాడు. మొన్న ఫోన్ చేసి, "సార్, అడ్డం 1.9 ఉండేది 2.6కి వచ్చింది, ఆదివారం బాయిలర్ ఆపినప్పుడు బూడిద గీకిస్తున్నా" అన్నాడు. సోమవారం మళ్లీ చేశాడు. 1.8.